పాన్ యూలియాంగ్ గురించి మాట్లాడే ముందు ఆవిడ బొమ్మలు చూడండి

చైనా చిత్రకారిణి పాన్ యూలియాంగ్ గురించి ఇప్పుడే ఒకాయన పెట్టిన వీడియో చూశా, కోపం ఇంకా దిగలేదు. "వేశ్యాగృహం నుంచి పారిస్ దాకా" అని ఇంతింత అక్షరాలతో థంబ్‌నెయిల్, వెనకాల ఏడుపు మ్యూజిక్, వీడియోలో సగానికి పైగా ఆ పిల్లని మేనమామ ఎలా అమ్మేశాడు, ఎవరు విడిపించారు, ఇదే గోల. బొమ్మలు మాత్రం చివర్లో రెండు, ఏ బొమ్మో ఏ సంవత్సరంలో వేసిందో కూడా చెప్పకుండా. కింద కామెంట్లేమో "కన్నీళ్లు ఆగలేదన్నా" అని. ఆవిడ గీసిన ఒక్క గీత సరిగ్గా చూడకుండా ఎవరి కోసం కన్నీళ్లండీ?

పాన్ యూలియాంగ్ 1895లో యాంగ్‌జౌలో పుట్టింది. అమ్మానాన్న చిన్నప్పుడే పోయారు, పద్నాలుగేళ్ల వయసులో మేనమామ వూహు అనే ఊళ్లో వేశ్యాగృహానికి అమ్మేశాడని చెప్తారు. దాన్ని దాచమని నేననట్లేదు. కానీ అది ఒక చిన్నపిల్ల మీద పెద్దవాళ్లు చేసిన నేరం, ఆ పిల్ల చేసిన పని కాదు కదా, మరి ఆవిడ పరిచయంలో మొదటి లైను అదెందుకవుతుంది? పైగా జనం చెప్పుకునే కథలో సగం 1980ల్లో వచ్చిన ఒక నవల, దాన్ని పట్టుకుని 1994లో గాంగ్ లీ హీరోయిన్‌గా తీసిన సినిమా, వాటిలోంచి వచ్చిందే. నవలలో సీన్లన్నీ చరిత్ర అని చదివేస్తున్నారు.

ఆవిడ చేసిన పని ఏంటో నేను చెప్తా. షాంఘై ఆర్ట్ స్కూల్లో చదివింది. చిత్రకారుడు లియు హైసు నడిపిన స్కూలు అది, క్లాసులో న్యూడ్ మోడల్‌ని కూర్చోబెట్టి బొమ్మలు వేయిస్తున్నారని పేపర్లు, అధికారులు, సైన్యాధిపతులు అందరూ మీద పడ్డ స్కూలు. 1921లో ఫ్రాన్స్ వెళ్లింది, ముందు లియోన్, తర్వాత పారిస్‌లో ఎకోల్ దె బోజార్ అనే ఆర్ట్ కాలేజీ, అక్కణ్ణుంచి 1925లో రోమ్, శిల్పం కూడా నేర్చుకుంది. 1928లో తిరిగొచ్చి షాంఘైలోనూ నాన్‌జింగ్‌లోని నేషనల్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ పాఠాలు చెప్పింది. 1929 నుంచి 1936 లోపల ఐదు సోలో ఎగ్జిబిషన్లు పెట్టింది. ఐదు! ఆ రోజుల్లో చైనాలో ఆయిల్ పెయింటింగ్ అంటేనే కొత్త, అందులో ఆడమనిషి, అందులోనూ ఆడవాళ్ల ఒంటిని దాచకుండా వేసే ఆడమనిషి.

1936 ఎగ్జిబిషన్‌లో ఎవడో ఆవిడ బొమ్మ మీద ఒక కాగితం అతికించాడంటారు, ఇది ఒక వేశ్య తన విటుడికి పాడిన స్తోత్రం అని రాసి. మరుసటి ఏడాది ఆవిడ పారిస్ వెళ్లిపోయింది, మళ్లీ చైనాకి తిరిగి రాలేదు. ఆ కాగితం అతికించినవాడికీ ఈ వీడియో చేసినాయనకీ నాకైతే తేడా కనపడట్లేదు. వాడు తిట్టాడు, ఈయన జాలిపడ్డాడు, ఇద్దరూ బొమ్మకి అడ్డంగా నిలబడి అదే మాట అన్నారు.

ఇంకోటి, నాకు ఎప్పట్నుంచో మంట. షు బెయ్‌హోంగ్ అనే చైనా చిత్రకారుడు కూడా 1895లోనే పుట్టాడు, ఆయనా పారిస్‌లో అదే బోజార్‌లో చదివాడు, ఇద్దరూ నాన్‌జింగ్‌లో ఒకే యూనివర్సిటీలో పనిచేశారు. ఆయన్ని ఎలా పరిచయం చేస్తారు? పరిగెత్తే గుర్రాలు వేసిన మహానుభావుడు, మన శాంతినికేతన్‌కి వచ్చి ఠాగూర్ బొమ్మ, గాంధీగారి బొమ్మ వేసినవాడు అని. కరెక్టే, అలాగే చెప్పాలి. అదే ఆయన ఏళ్ల తరబడి కాపురం చేసిన భార్యతో తనకి ఇక సంబంధం లేదని పేపర్లో ప్రకటన వేయించాడు, ఆ సంగతి ఏ పరిచయంలో మొదటి లైనుగా చూశారు? మగాడికి గుర్రాలు, ఆడదానికి గతం. ఇది చైనా గొడవ అని తీసిపారేయకండి, ఇందాక ఆ వీడియోలో మాట్లాడింది శుభ్రమైన తెలుగే.

భర్త సంగతి కూడా చెప్పాలి. పాన్ జాన్హువా కస్టమ్స్ ఆఫీసరు, ఆవిణ్ణి విడిపించి రెండో భార్యగా చేసుకున్నాడు, చదివించాడు. మంచివాడే, కాదనను. కానీ "ఆయన లేకపోతే ఆమె లేదు" అనే మాట వింటే ఒళ్లు మండుతుంది నాకు. 1937 తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు, ఆయన 1959లో పోయాడు. పరాయి దేశంలో అన్నేళ్లు, యుద్ధంలో, డబ్బుల్లేని రోజుల్లో, రోజూ పొద్దున లేచి రంగులు కలిపింది ఎవరు? బొమ్మలు అమ్మిపెట్టే డీలర్లతో కాంట్రాక్టు రాసుకోనంది, ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకోనంది. దానివల్ల బొమ్మలు పెద్దగా అమ్ముడుపోలేదు, పేదరికంలోనే ఉంది, అయినా మాట మార్చుకోలేదు. 1977లో పోతే మోంపర్నాస్ శ్మశానంలో పెట్టారు.

ఆవిడ పోయాక నాలుగు వేలకు పైగా పనులు చైనాకి తిరిగొచ్చాయి, భర్త సొంత రాష్ట్రం ఆన్‌హుయ్‌కి, ఇప్పుడు చాలావరకు ఆ రాష్ట్ర రాజధాని హెఫెయ్‌లోని మ్యూజియంలో ఉన్నాయి. ఆయిల్స్, స్కెచ్‌లు, శిల్పాలు, ఇంక్ బొమ్మలు. ఆ ఇంక్ న్యూడ్స్ ఉన్నాయి చూడండి, నాకు వాటి ముందు ఆవిడ ఆయిల్స్ కూడా తర్వాతే. గట్టి నల్లటి గీత ఒకటి, బ్రష్ ఎత్తకుండా లాగినట్టు, వీపు నుంచి నడుము మీదుగా తొడ దాకా, వెనకాల బ్యాక్‌గ్రౌండ్ అంతా చిన్న చిన్న చుక్కలు, అడ్డగీతలు, నేతబట్టలాగా. గీత చైనా కాలిగ్రఫీది, ఒంటి బరువు మాత్రం యూరప్ స్టూడియోలో నేర్చుకున్నది. ఆ ఆడవాళ్లు మనల్ని చూడరు, మనకోసం కూర్చోలేదు, తల దువ్వుకుంటారు, పిల్లని ఎత్తుకుంటారు, పడుకుంటారు. చూసేవాడి కోసం ఒళ్లు తిప్పి చూపించే న్యూడ్ కాదు అది. సెల్ఫ్ పోర్ట్రెయిట్లలో కూడా అంతే, సన్నటి కనుబొమలు, బిగించిన పెదాలు, అందంగా కనపడాలనే తాపత్రయం మచ్చుకైనా లేదు.

ఇవన్నీ నెట్‌లో దొరుకుతాయి, పారిస్‌లో సెర్నుస్కీ మ్యూజియం దగ్గర కూడా కొన్ని ఉన్నాయి. వీడియో చేయాలనుకునేవాళ్లు ఒక పది బొమ్మలు తెరమీద పెట్టి, ఏ బొమ్మ ఎప్పుడు వేసింది, దేంతో వేసింది, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అని మాట్లాడండి, నేనే షేర్ చేస్తా. ఆ మేనమామ కథ చెప్పే వీడియో మాత్రం దయచేసి ఎవరూ నాకు ఫార్వర్డ్ చేయకండి.