పుదుచ్చేరి నంబరు, హైదరాబాదు రోడ్డు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర పీవై 01 నంబరుతో కోట్ల ఖరీదైన కారు ఆగినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పుదుచ్చేరిలో ఏదో ఒక అద్దె చిరునామా చూపించి, అక్కడి తక్కువ పన్ను కట్టి, బండిని మాత్రం ఏళ్ల తరబడి ఇక్కడే తిప్పుతారు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచిన వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం స్పష్టంగానే చెబుతోంది. అప్పు చేసి చిన్న కారు కొన్నవాడు షోరూములోనే లైఫ్ ట్యాక్స్ పైసాతో సహా చెల్లించి బయటికి వస్తుంటే, వీరికి (రోడ్డు మీద గుంతలున్నాయని ముందుగా విసుక్కునేదీ వీరే) ఆ లెక్క వర్తించదా? రవాణా శాఖ ఎప్పుడో ఒకసారి తనిఖీ చేసి నాలుగు కార్లు ఆపుతుంది. స్టాప్ లైను మీదికి బెత్తెడు జరిగిన స్కూటరుకు మాత్రం ఫొటోతో సహా చలానా వచ్చేస్తుంది.