అడ్డమంతా పిల్లలతోనే

స్కూలు చదువుల్లో టెక్నాలజీ ఇంతవరకు ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. ఈ మాట పూర్తి బాధ్యతతో చెబుతున్నాను. ఫెయిలైనదల్లా పిల్లలే. నూరేళ్లకు పైగా వాళ్లకు ఒకదాని వెనక ఒకటి గొప్ప గొప్ప యంత్రాలు తెచ్చి ఇస్తున్నాం. వాళ్లేమో ప్రతిసారీ మన పరువు తీస్తున్నారు. ఇంత జరిగాక కూడా లోపం యంత్రంలో వెతకడం అన్యాయం.

బళ్లలో పుస్తకాలకు త్వరలో కాలం చెల్లుతుందని, పదేళ్లలో చదువు తీరే మారిపోతుందని థామస్ ఎడిసన్ 1913లోనే చెప్పాడు. పాఠాలన్నీ ఇక సినిమాయే చెబుతుందని ఆయన నమ్మకం. సినిమా తన పని తాను చేసింది. పిల్లలు మాత్రం సినిమాని సినిమాలాగే చూశారు.

1961లో అమెరికాలో పెద్దలు ఇంకాస్త ఎత్తుకు వెళ్లి ఆలోచించారు. ఎత్తంటే ఏదో మాటవరసకు అనడం లేదు, సుమారు 23,000 అడుగులు. ఇండియానా రాష్ట్రం మీద ఒక విమానం చక్కర్లు కొడుతూ చుట్టుపక్కల ఆరు రాష్ట్రాల బళ్లకు టీవీ పాఠాలు ప్రసారం చేసేది. కొన్నేళ్లు తిరిగి తిరిగి 1968 నాటికి ఆ పథకం కిందికి దిగిపోయింది. పాఠం ఆకాశంలో ఉంటే పిల్లలు నేల మీదే కూర్చున్నారు మరి. సహకారం అంటే ఇదేనా?

పెరూ ప్రభుత్వం ఆకాశాన్ని నమ్ముకోలేదు, నేరుగా చేతికే ఇచ్చింది. పిల్లల కోసం 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నది. ఫలితం ఎలా ఉందో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు పల్లె బళ్లలో చూసి 2012లో నివేదిక ఇచ్చారు. పథకం రాకముందు విద్యార్థికి 0.12 కంప్యూటర్ ఉండేదట, వచ్చాక 1.18 అయిందట. తలకొకటి పంచగా ఇంకా మిగిలిందన్నమాట. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన ఆనవాలు మాత్రం దొరకలేదు. కంప్యూటర్ల లెక్క పెరిగింది కదా, లెక్కలు కూడా పెరగాలనడం అత్యాశ.

లాస్ ఏంజిలిస్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 2013లో అక్కడి ప్రభుత్వ బళ్లలో ఐప్యాడ్‌లు పంచారు. పాఠాలు తప్ప ఇంకేమీ చూడకుండా గట్టి తాళాలే వేశారు. కొద్ది రోజుల్లోనే వందలమంది పిల్లలు ఆ తాళాలు తీసేశారు. టీచరు చెప్పలేదు, సిలబస్‌లో లేదు, వీడియో అసలే లేదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు, నేర్చుకున్నది తప్పు పోకుండా చేసి చూపించారు. మొత్తం పథకంలో నేర్చుకోవడం అనేది ఇంత స్పష్టంగా కనబడింది ఇక్కడే. అధికారులు అది గమనించగానే పరికరాలు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు.

ఇక ఆన్‌లైన్ కోర్సులు. ఇవి నిజంగా పరిపూర్ణమైన ఏర్పాటు. మంచి వెలుతురులో నిలబడి, చక్కటి గొంతుతో ఒకాయన భిన్నాలు చెబుతుంటాడు. అర్థం కాలేదని ఎవరూ చెయ్యెత్తరు కాబట్టి ఆయనకు అడ్డం ఉండదు. పిల్లవాడు వీడియోని డబుల్ స్పీడులో పెట్టి, సౌండు తీసేసి, పక్క ట్యాబ్‌లో ఆట ఆడుకుంటాడు. వీడియో చివరికి రాగానే పచ్చటి టిక్కు పడుతుంది. ఆ తర్వాత క్విజ్. నాలుగు ఆప్షన్లు, ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. మూడు తప్పు నొక్కాక నాలుగోది ఒప్పు కాక చస్తుందా? అయింది. స్క్రీన్ మీద రంగు కాగితాలు రాలతాయి, బ్యాడ్జి వస్తుంది. అమ్మ ఫోనుకి 'మీ బాబు భిన్నాలు పూర్తి చేశాడు' అని మెసేజ్ వెళుతుంది. హెడ్మాస్టరు గదిలో డ్యాష్‌బోర్డు ఆకుపచ్చగా మారుతుంది. పైఆఫీసులో ఇంకా ముదురు ఆకుపచ్చ. ఇంత పచ్చదనం మధ్య 'సగంలో సగం ఎంతరా?' అని వాణ్ణి అడిగేవాళ్లుంటారు చూడండి, వాళ్లే ఈ దేశాలన్నిటి చదువుల్నీ పాడు చేసింది.

కోర్సులు మధ్యలో వదిలేసే జబ్బు కూడా పిల్లలదే అనుకుంటాం, పెద్దలకీ ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి 2011లో వచ్చిన ఆన్‌లైన్ కృత్రిమ మేధ (ఏఐ) కోర్సులో ప్రపంచమంతటి నుంచీ సుమారు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచినవాళ్లు దాదాపు 23,000. వాళ్లంతా ఇష్టపడి, తమంతట తాము చేరినవాళ్లు. మరి పదేళ్ల పిల్లవాణ్ణి గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, స్వయంక్రమశిక్షణ ఉండాలని మనం కోరుకుంటున్నాం. కోరుకోవడంలో తప్పేముంది?

నా వాదనకు ఇబ్బంది కలిగించే విషయం ఒకటుంది, నిజాయితీ కొద్దీ చెప్పేస్తాను. ఢిల్లీలో బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో ఒక సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు, హిందీ నేర్పించి చూశారు. ఆ అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే పిల్లలు రెండిటిలోనూ బాగా ముందుకెళ్లారు. ఎలాగని ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ ముందుగా పిల్లవాడు ఎక్కడున్నాడో చూసింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. వాళ్లకు ఆరో తరగతి పాఠం కాకుండా, వాళ్లకు అందే పాఠం ఇచ్చింది. అంతటితో ఆగారా? రోజూ 45 నిమిషాలు కంప్యూటరైతే, ఇంకో 45 నిమిషాలు చిన్న గుంపుగా కూర్చోబెట్టి ఒక మనిషి చేత చెప్పించారు. చూశారా, మనిషిని పెట్టారు! పిల్లవాడికి ఏం రాదో తెలుసుకుని, పక్కన మనిషిని కూడా కూర్చోబెడితే ఎవరైనా నేర్పగలరు. అందులో టెక్నాలజీ గొప్పేముంది? పైగా ఈ పద్ధతికి రిబ్బను కత్తిరించడం కష్టం. ట్యాబ్లెట్ల పెట్టె పక్కన నిలబడి ఫోటో దిగొచ్చు గానీ, పిల్లవాడు వెనకబడ్డ రెండున్నర తరగతుల పక్కన ఎలా దిగుతాం?

అందుకే నా ప్రతిపాదన ఇది. పిల్లలు లేని కోర్సు. ఇది నేను గాల్లోంచి తెచ్చిందేమీ కాదు, సగం పని ఇప్పటికే అయిపోయింది. హోంవర్కు ఏఐ తయారు చేస్తోంది, జవాబులు ఇంకో ఏఐ రాస్తోంది, దిద్దడానికి మూడోది సిద్ధంగా ఉంది. మిగిలిన సగం కూడా పూర్తి చేద్దాం. రిజిస్ట్రేషన్ ట్యాబ్లెట్ చేసుకుంటుంది. వీడియో అదే పెట్టుకుని అదే చూస్తుంది, డబుల్ స్పీడు అవసరం కూడా ఉండదు. పాస్‌వర్డు మరిచిపోదు, తాళం తియ్యదు, మధ్యలో మంచినీళ్లకని లేవదు. కోర్సు పూర్తిచేసినవారు నూటికి నూరు శాతం. టీచర్లకు ఎలాగూ హాజరు అప్‌లోడ్ చెయ్యడానికే రోజు చాలడం లేదు, వాళ్ల టెన్షన్ కూడా తగ్గుతుంది.

పిల్లలేం చెయ్యాలని ఎవరైనా అడగవచ్చు. ఆ వివరాలు రెండో దశలో చూస్తాం. ప్రస్తుతానికి సర్టిఫికెట్లు ఇచ్చే రోజున మాత్రం వాళ్లు రావాలి. తల్లిదండ్రులు ట్యాబ్లెట్ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగడానికి ఇంకా మొహమాటపడుతున్నారు.