రిపోర్టు వెళ్లింది అన్నా!

ఫైర్ అలారం ప్యానెల్‌ని మోగించడం గొప్పేం కాదు. ఆ సంగతి ఫోన్ లైన్ మీద మానిటరింగ్ సెంటర్‌కి చేరేలా ప్రోగ్రామ్ చేయడంలోనే పనితనమంతా ఉంది. పన్నెండేళ్లుగా చేస్తున్న పని. అందుకే ఆ రోజు మా హెల్పర్ కుర్రాడు అకౌంట్ నంబర్ (ఏ బిల్డింగో సెంటర్ గుర్తుపట్టే నంబర్) రాసిన కాగితం ఇవ్వబోతే, "ఒకసారి విన్నాగా, చాలు" అన్నాను.

నంబర్ 2736. నాలుగంటే నాలుగే అంకెలు.

కుర్రాడు సెంటర్‌కి ఫోన్ చేసి, కాగితం చూసి నంబర్ చదివి, అకౌంట్‌ని రెండు గంటలపాటు టెస్ట్‌లో పెట్టించాడు. టెస్ట్‌లో ఉన్నంతసేపు మనం ఎన్ని అలారాలు పంపినా వాళ్లు ఫైరింజన్ని పంపరు. ఈలోగా నేను కీప్యాడ్ ముందు కూర్చుని, బొటనవేలంత స్క్రీన్‌లో సెంటర్ ఫోన్ నంబర్లు, రిపోర్టు పంపే ఫార్మాట్, అకౌంట్ నంబర్ టకటకా కొట్టేశాను.

ముందు కరెంటు తీసి చూశాను. తర్వాత బ్యాటరీ వైరు పీకాను. ప్రతిదానికీ ఒక రిపోర్టు వెళ్లింది. వచ్చిన చిక్కల్లా, రిపోర్టు పంపాల్సి వచ్చినప్పుడు ప్యానెల్ లైన్‌ని లాక్కుంటుంది. అవతల ఎవరు మాట్లాడుతున్నా సరే, కట్. మేనేజర్ గారు అదే లైన్లో ఎవరి దగ్గరో రావాల్సిన బాకీ తేల్చుకుంటున్నారు. సరిగ్గా అవతలివాడు "ఇస్తాను" అనబోయే చోట లైన్ పోతోంది. మూడోసారికి బయటికొచ్చి, "ఏమండీ, మీరు మంటలు ఆర్పించడానికి వచ్చారా, పెట్టడానికి వచ్చారా?" అన్నారు.

ఇక అసలు పరీక్ష. మెట్ల దగ్గరున్న మీట లాగమన్నాను. ప్యానెల్ లెక్కలో అది నాలుగో జోన్, అంటే బిల్డింగ్‌లో నాలుగో భాగం. నేను లైన్‌కి టెస్ట్ ఫోన్ తగిలించుకుని వింటున్నాను. ప్యానెల్ డయల్ చేసింది. సెంటర్ రిసీవర్ ఎత్తి రెండు కూతలు వేసింది, ఒకటి 1400 హెర్ట్జ్, రెండోది 2300. ఆ సైగ అందగానే ప్యానెల్ తన 16 అంకెల పాట గబగబా పాడేసింది: అకౌంట్ నంబర్, 110 అంటే ఫైర్, జోన్ నాలుగు. అవతలి నుంచి "అందింది" అన్నట్టు ఒక పొడుగు కూత. ఈ కూత వింటే నాకు ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

"రిపోర్టు వెళ్లింది అన్నా!" అన్నాడు కుర్రాడు.

కాసేపటికి కిటికీ అవతల ఫైరింజన్ గంట కొట్టుకుంటూ దూసుకుపోయింది.

"పాపం, ఎక్కడో అంటుకున్నట్టుంది," అన్నాడు వాడు.

"జాగ్రత్త లేని మనుషులురా," అని నిట్టూర్చి, రెండో మీట లాగమన్నాను.

ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. "కాస్త ఆ ప్యానెల్‌లో అకౌంట్ నంబర్ చదువు."

చదివాను. 2763. ముప్పై ఆరు కాస్తా అరవై మూడై కూర్చుంది.

టెస్ట్‌లో ఉన్నది మా బిల్డింగ్, అంటుకున్నట్టు కబురు వెళ్లింది వేరేవాళ్ల బిల్డింగ్ పేరు మీద. మరి రిసీవర్ ఎందుకు పట్టుకోలేదంటారా? 16 అంకెల్లో చివరిది లెక్క సరిచూసే అంకె. అన్నీ కూడితే 15తో భాగం పోవాలి, అంతే. దారిలో అంకె చెడితే అది పట్టుకుంటుంది. బయల్దేరిన చోటే చెడితే దానికేం తెలుస్తుంది? మూడు ముందున్నా ఆరు ముందున్నా కూడిక అదే కదా. ఇక జోన్ల పేర్లు ఉండేది సెంటర్ కంప్యూటర్‌లో. మా నాలుగో జోన్ మెట్లు, వాళ్ల నాలుగో జోన్ స్టోర్ రూమ్.

ఫైర్ సిబ్బంది నేరుగా ఆ స్టోర్ రూమ్‌కే వెళ్లి తలుపు బద్దలుకొట్టారట. పొగా లేదు, మంటా లేదు. లోపల గడియ పెట్టుకుని, డ్యూటీలో హాయిగా నిద్రపోతున్న మనిషి మాత్రం దొరికాడు.

ఆ తలుపు ఖర్చు ఎవరి జీతంలోంచి పోయిందో మీరే ఊహించుకోండి.

నంబర్ మార్చాను. మళ్లీ మొదటి నుంచి పరీక్ష మొదలుపెట్టాలి. సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆపరేటర్ చాలా మర్యాదగా, "ఏ అకౌంట్‌ని టెస్ట్‌లో పెట్టమంటారు సార్?" అని అడిగింది.

మారు మాట్లాడకుండా ఫోన్ కుర్రాడి చేతికిచ్చాను. వాడు జేబులోంచి కాగితం తీశాడు.