పురిటి సారెలో ఉగ్గుగిన్నె సరే, పాసుపుస్తకంలో పేరేదీ?

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు పురిటి సారె అంటే మామూలు హడావిడి కాదు. అరిసెలెన్ని, సున్నుండలెన్ని, చలిమిడి ఎంత అని వీధంతా లెక్కెట్టాక అమ్మమ్మ నాటి ఉగ్గుగిన్నె బయటికి తీస్తారు, వెండి మొలతాడు, చేతికి మురుగులు, ఉన్నోళ్ళైతే ఓ బంగారు గొలుసు. ఈ మధ్య వీటిని ఫోటోలు తీసి వారసత్వం, మన మూలాలు అని తెగ మురిసిపోతున్నారు. మురవండి, తప్పేం లేదు. ఆ గిన్నె చూపించి ఇంకేదో దాచేస్తున్నారన్నదే నా గొడవ.

పాత సామాను ఒకసారి తిప్పి చూడండి. బుడితి కంచు గిన్నో, ఇత్తడి బిందో, అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంటాది. ఏ పైడమ్మో, ఏ అప్పలమ్మో, చాలావాటి మీద ఆడాళ్ళ పేర్లే, పుట్టింటోళ్ళు ఇచ్చినవి కదా మరి. ఇప్పుడు అదే ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం తియ్యండి. తాత పేరు, తర్వాత నాన్న పేరు, ఆ తర్వాత తమ్ముడి పేరు. గిన్నె మీద అమ్మ, భూమి మీద అయ్య!

చట్టం సంగతి తెలిసిందే, అయినా ఓసారి చెప్పుకుందాం. ఎన్టీఆర్ టైంలో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి మన రాష్ట్రంలో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా వచ్చింది, కాకపోతే అప్పటికే పెళ్ళైనోళ్ళకి లేదన్నారు. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ మెలిక లేదు. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా తేల్చేసింది, ఈ హక్కు పుట్టుకతోనే వస్తాది, 2005 నాటికి తండ్రి బతికున్నాడా లేడా అన్నదాంతో పన్లేదు అని. పుట్టుకతోనే! అంటే పురిటి స్నానం కాకముందే, పేరన్నా పెట్టకముందే, ఉయ్యాల్లో కాళ్ళాడిస్తున్న ఆ ఆడగుంటకి వాళ్ళ నాన్న వైపు తాతలనాటి ఉమ్మడి భూమిలో వాటా ఉన్నట్టే. సారె పంపుతున్న అమ్మమ్మగారింట్లో వాళ్ళమ్మకీ ఉంది. నాన్న సొంతంగా కొన్నది వేరే లెక్క, ఆయనిష్టం వచ్చినట్టు వీలునామా రాసుకోవచ్చు, రాయకుండా పోతే మాత్రం అందులోనూ కూతురికి సమాన వాటానే.

కట్నం ఇచ్చేశాం కదా, మళ్ళీ వాటా ఏటి, ఉన్న అరెకరం ముక్కలు చేస్తే ఎవరికి గిట్టుబాటవుతాది అంటారు. ముక్కల బాధ నిజమే, కానీ ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆ బాధ గుర్తురాదేం? ఇక కట్నం ఆ పిల్ల చేతికొచ్చిందెప్పుడు? 1961 నుంచీ ఇవ్వడం, తీసుకోడం రెండూ నేరమే. నేరం చేసి దాన్నే రసీదులా చూపిస్తే ఎలా.

భోగాపురం ఎయిర్‌పోర్ట్ పుణ్యమా అని చుట్టుపక్కల భూములకి రెక్కలొచ్చాయి, దాంతో అక్కచెల్లెళ్ళ మీద ప్రేమలూ పెరిగాయి. పండక్కి పిలుస్తారు, చీర పెడతారు, సాయంత్రానికి వాటా వద్దన్నట్టు ఒక్క సంతకం అమ్మా అంటారు. పసుపు కుంకాల కింద ఏ పది సెంట్లో రాసినోళ్ళు మహాదాతలు.

దీన్ని ఇంటి గొడవ అని వదిలెయ్యకండి. మా జిల్లాల నుంచి మగాళ్ళు చెన్నై, హైదరాబాద్ పనులకి ఎళ్ళిపోతే ఊడుపు, కలుపు, కోత అన్నీ ఆడాళ్ళ నెత్తినే. అయినా పీఎం కిసాన్ ఏడాదికి 6000 పాసుపుస్తకంలో పేరున్నోడి ఖాతాలోనే పడతాయి, బ్యాంకు పంట లోనుకీ ఆ పుస్తకమే అడుగుతాది. పొలంలో వంగి ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి కాగితం మీద రైతు కాదు, రైతు పెళ్ళాం! రైతు సంక్షేమం మీద ఇన్ని మీటింగులు పెట్టే పార్టీల్లో ఒక్కడైనా దీని మీద నోరిప్పితే చూడాలనుంది.

అందుకే ఈసారి మనవరాలి పురుడుకి కావిళ్ళు కట్టే తాతలకి నాదొకటే మాట. ఆ గిన్నె పంపండి, అరిసెలూ పంపండి. దాంతో పాటు కూతురి వాటాకి కాగితం రాసి రిజిస్టర్ చేయించండి, రక్తసంబంధీకులకి గిఫ్ట్ డీడ్ అయితే స్టాంప్ డ్యూటీ కూడా తక్కువే.