ట్రక్కు టైరుకు వయసు లేదన్న మెసేజీకి నా జవాబు

మిరప కోతలు అయిపోయి మార్కెట్ యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) తోలే రోజులొచ్చాయంటే మా ట్రాక్టరు గ్రూపుల్లో ఒక మెసేజీ తిరగడం మొదలవుతుంది. పైన పెద్ద అక్షరాలతో "ట్రక్కు టైర్ల గురించి కంపెనీలు దాచిన నిజాలు" అని ఉంటుంది. కింద ఏడు పాయింట్లు, ఆఖర్న "పదిమంది రైతులకు పంపండి". ఈ ఏడాది నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. ఒకటి మా బావ పంపాడు. ఊరికే పంపి వదల్లేదు, "చూశావా, కొత్త టైర్లంటూ అనవసరంగా డబ్బులు తగలేశావు" అని వాయిస్ కూడా పెట్టాడు. ఆయనకు ఒక్కడికే చెప్పి ఊరుకునే బదులు అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ట్రక్కు అంటే మావైపు ట్రాక్టరు వెనక తగిలించేది. తెలంగాణలో ట్రాలీ అంటారు, కొన్నిచోట్ల తొట్టి అంటారు. పేరు ఏదైనా కింద ఉండేవి అవే టైర్లు.

"ట్రక్కుకు ఇంజను లేదు. టైర్లు ఊరికే దొర్లుతాయి. కాబట్టి వయసుతో పనిలేదు, బటన్ ఉంటే చాలు."

మెసేజీలో మొదటి పాయింటు ఇదే. బటన్ అంటే టైరు పైన రోడ్డుకు తగిలే గాట్ల పొర. మిగతావన్నీ దీనిమీదే నిలబడ్డాయి కాబట్టి దీని దగ్గరే కాసేపు ఆగుదాం.

సగం నిజమే. ఇంజను లాగే టైరుతో పోలిస్తే దొర్లే టైరు తక్కువ అరుగుతుంది. పైగా మన ట్రక్కులు ఏడాదిలో సీజనుకు రెండు మూడు నెలలు తిరిగితే గొప్ప. అసలు చిక్కు అక్కడే ఉంది. లారీ టైరు రోజూ రోడ్డుమీదే ఉంటుంది, రెండు మూడేళ్లలో నున్నగా అరిగిపోతుంది, తీసి పక్కన పడేస్తారు. దానికి ముసలితనం వచ్చే అవకాశమే లేదు. ట్రక్కు టైరుకు బటన్ అలాగే ఉంటుంది, లోపల రబ్బరు మాత్రం ఏటేటా గట్టిపడుతూ పోతుంది. గాలిలో ఉండే ఆక్సిజన్, ఓజోన్, ఎండ వేడి, ఈ మూడూ కలిసి రబ్బరులో సాగే గుణాన్ని తినేస్తాయి. లోపలి దారపు పొరలకూ రబ్బరుకూ మధ్య ఉన్న పట్టు వదులవుతుంది. ఇదేదీ పైనున్న బటన్ చూస్తే తెలియదు.

దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. 2012 సెప్టెంబరులో ఒక సంగీతోత్సవం నుంచి కుర్రకారును తీసుకొస్తున్న కోచ్ బస్సు సర్రే ప్రాంతంలో ముందు టైరు పేలి రోడ్డు దిగి చెట్టును గుద్దుకుంది. ముగ్గురు చనిపోయారు. దర్యాప్తులో తేలిందేమిటంటే ఆ టైరుకు బటన్ సరిపడా ఉంది, వయసు మాత్రం పంతొమ్మిదిన్నరేళ్లు. అంటే బస్సుకన్నా టైరే పెద్దది! అప్పటి చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు. చనిపోయినవాళ్లలో ఒక కుర్రాడి తల్లి ఏళ్లతరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సులు, కోచ్‌ల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైరు వాడకూడదని అక్కడ నిబంధన వచ్చింది.

అది బస్సు కదా, మనది ట్రక్కు కదా అంటారేమో. జర్మనీలో కారు వెనక తగిలించే ట్రైలరును గంటకు 100 కిలోమీటర్ల వేగంతో లాగాలంటే విడిగా అనుమతి కావాలి. ఆ అనుమతికి ఉన్న షరతుల్లో ఒకటి, ట్రైలరు టైర్లకు ఆరేళ్లు నిండకూడదు. లేకపోతే 80 దాటకూడదు. ఇంజను లేని బండి టైరుకే వయసు లెక్కపెట్టారు చూడండి.

ఇక మా బావ సంగతే చెబుతాను. 2023 మార్చిలో అరవై టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు బయల్దేరాం. ట్రక్కు బావది, ట్రాక్టరు నాది. పేరేచర్ల దాటాక వెనకనుంచి బాంబు పేలినట్టు మోత. ఎడమవైపు టైరు పక్కన మూరెడు చీలిక, ట్రక్కు ఆ పక్కకు ఒరిగి ట్రాక్టరును కూడా లాగేసింది. పైవరస టిక్కీలు జారి రోడ్డు మార్జిన్‌లో పడ్డాయి. ఆ క్షణంలో పక్కన బైకు ఎవరూ లేరు, అంతే మా అదృష్టం. రోడ్డు పక్కన కూర్చుని టైరు చూస్తే బటన్ వేలు దిగేంత లోతుంది. సెకండ్ హ్యాండులో కొన్నవి, "ఒక్క సీజను తిరిగినవి" అని అమ్మినాయన చెప్పాడట. ఫోను లైటు వేసి మట్టి తుడిస్తే 0811 అని కనబడింది. అప్పటికి ఆ టైరుకు పన్నెండేళ్లు.

"టైరు మీద ఉండే నాలుగు అంకెలు కంపెనీ బ్యాచ్ నంబరు. మనకు అక్కరలేదు."

మనకు అక్కరకొచ్చే నంబరు అదొక్కటే. డీఓటీ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాల వెంట కొన్ని అక్షరాలు, అంకెలు ఉండి, చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. 0811 అంటే 2011లో ఎనిమిదో వారం, అంటే ఫిబ్రవరి నెల. 3422 అంటే 2022లో ముప్పై నాలుగో వారం, ఆగస్టు. మొదటి రెండు అంకెలు 53 దాటితే మీరు చూస్తున్నది వేరే ఏదో నంబరు. చివర మూడే అంకెలుంటే 2000కు ముందు తయారైన టైరు. అలాంటిది మీ ట్రక్కుకు ఉంటే చదవడం ఆపి ముందు దాన్ని విప్పించండి.

ఇక్కడ చాలామంది తప్పిపోయే చోటు ఒకటుంది. చివరి నాలుగు అంకెలతో సహా పూర్తి నంబరు తరచుగా టైరుకు ఒకవైపే ఉంటుంది. రెండోవైపు డీఓటీ అని ఉండి తేదీ ఉండదు. పంచర్ షాపులో ఎక్కించినప్పుడు ఆ వైపు లోపలికి పోతే మీకు బయటనుంచి కనపడదు. ట్రక్కు కింద గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, తడిగుడ్డతో తుడిచి, లైటు అడ్డంగా వేసి చూడాలి. ఎదురుగా వేస్తే నల్లమీద నలుపు, ఏమీ కనపడదు. పక్కనుంచి వేస్తే అంకెల నీడ పడి తెలుస్తుంది. కిందకు దూరేముందే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మర్చిపోకండి.

"వాడకుండా నిలబెట్టిన టైరు కొత్తదానితో సమానం."

తిరిగే టైరుకన్నా నిలబడ్డ టైరుకే కొన్ని విషయాల్లో ఎక్కువ కష్టం. తయారుచేసేటప్పుడు రబ్బరులో మైనంలాంటి పదార్థం, ఓజోన్‌ను అడ్డుకునే రసాయనం కలుపుతారు. టైరు తిరుగుతూ వంగిలేస్తున్నప్పుడు అవి లోపలినుంచి పైకి ఊరి పలచటి పొరలా కాపాడతాయి. టైరు పక్కన ఒక్కోసారి కనిపించే గోధుమరంగు పొడ అదే, మురికి కాదు. ఆరునెలలు కదలని టైరులో ఆ ఊట సరిగా రాదు. దానికి తోడు ఒకే చోట బరువు, ఒకే వైపు ఎండ.

నమ్మకం కుదరకపోతే మా దొడ్లో ట్రక్కు చూడండి. వేపచెట్టు నీడ తూర్పు టైరుమీద రోజంతా ఉంటుంది, పడమటి టైరు మధ్యాహ్నం నుంచి ఎండలోనే. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే వారం తయారైనవి. పడమటి దానిమీద మాత్రం వేసవిలో చెరువు నెర్రెలిచ్చినట్టు సన్నటి బీటలు. తూర్పుదానికి వెతికితే ఒకటో రెండో. పల్నాటి ఎండలు ఎలా ఉంటాయో రెంటచింతల పేరు విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వేడి పది డిగ్రీలు పెరిగితే రబ్బరు పాడయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రబ్బరు పనిచేసేవాళ్ల మోటు లెక్క.

సీజను అయ్యాక ట్రక్కు ఖాళీ చేసి (చాలామంది కట్టెలో పేడో నింపి వదిలేస్తారు), ఇరుసు కింద దిమ్మెలు పెట్టి, టైర్లమీద పాత పట్టాలు కప్పితే సగం ఎండ తప్పుతుంది. ఖర్చు లేని పని.

"ఎండాకాలం గాలి వేడెక్కి టైరు పేలుతుంది. పది పౌండ్లు తగ్గించి కొట్టించండి."

ఏడింట్లో ప్రాణం తీసే పాయింటు ఇదే. ఎండకు లోపలి గాలి కొంచెం పెరిగే మాట నిజం, కానీ పది డిగ్రీలు వేడెక్కితే పెరిగేది రెండు మూడు పౌండ్లే. టైరును ఆ పెరుగుదలకు తట్టుకునేలాగే చేస్తారు. గాలి తగ్గిస్తే జరిగేది వేరు. బరువుకు టైరు పక్కలు ఉబ్బి, ప్రతి చుట్టులోనూ వంగి లేస్తాయి. కంచె తీగను ఒకే చోట పదిసార్లు ఇటూ అటూ వంచి ముట్టుకోండి, చుర్రుమంటుంది. టైరు పక్కల్లో జరిగేదీ అదే. పేలేది బయటి ఎండకు కాదు, లోపల పుట్టిన ఈ వేడికి.

2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. బటన్ పొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. టెక్సాస్, ఆరిజోనా, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువ. టైర్లలో లోపం ఉంది, దాంతోపాటు గాలి గురించి రెండు కంపెనీలూ కొట్టుకున్నాయి. ఫోర్డ్ 26 పౌండ్లు చాలంటే ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. నాలుగు పౌండ్ల తేడా మీద అంత గొడవ జరిగితే, మన మెసేజీ ఏకంగా పది తగ్గించమంటోంది.

ట్రక్కుకు ఇంకో ఇబ్బంది ఉంది. కారులో టైరు మెత్తబడితే స్టీరింగు లాగుతుంది, తెలుస్తుంది. ట్రాక్టరు మోతలో వెనక ట్రక్కు టైరుకు మేకు దిగినా, గాలి సగం పోయినా డ్రైవరుకు తెలియదు. అలా ఐదారు కిలోమీటర్లు లాగేస్తాం. తర్వాత పంచర్ వేయించి గాలి కొట్టిస్తే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల దారాలు నలిగిపోయి ఉంటాయి. ఎప్పుడో నెల తర్వాత పేలితే ఎండ మీదకు నెట్టేస్తాం. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీతో గాలి చూడాలి. టైరు మోయగల గరిష్ఠ బరువుకు ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. దారిలో వేడెక్కిన టైరుకు గాలి ఎక్కువుందని తీసేయకండి.

"లారీ నుంచి తీసిన రీసోల్ టైరు కొత్త ట్రక్కు టైరుకన్నా గట్టిది."

రీసోల్ అంటే అరిగిన టైరుకు కొత్త బటన్ వేసినది. ఇందులో కొంత న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. వ్యవసాయ ట్రైలర్ల కోసమే చేసిన టైర్లలో చాలావాటిమీద ఏ8 అని ఉంటుంది. అంటే గంటకు 40 కిలోమీటర్ల వేగానికే. లారీ టైరు అంతకన్నా ఎక్కువ వేగానికి తయారైంది. రీసోల్ అంటేనే చెత్త అని కూడా అనను. ప్రయాణికుల విమానాల టైర్లకు కూడా మళ్లీమళ్లీ కొత్త బటన్ వేసి వాడతారు. తేడా ఏమిటంటే అక్కడ ప్రతిసారీ లోపలి గుల్లను (బటన్ కింద ఉండే టైరు ఒళ్లు) పరీక్ష చేసి, పనికిరాకపోతే పారేస్తారు. మనకొచ్చేది లారీవాళ్లు వద్దనుకున్న గుల్ల. కొత్త బటన్ వేసినంత మాత్రాన గుల్ల వయసు తగ్గదు. బటన్ మొన్నటిది, నంబరు 2013ది అయితే ఆ టైరు 2013దే. కొత్త ట్యూబు వేయించాం కదా అనేవాళ్లకూ ఇదే జవాబు.

"బీటలు రాకుండా కాలిన ఇంజనాయిలు పూయండి." వద్దు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పైనున్న మైనం పొర కూడా పోతుంది. రెండురోజులు నల్లగా నిగనిగలాడుతుంది, అంతే. సబ్బునీళ్లు చాలు.

"నాలుగు చక్రాల ట్రక్కుకు ఒకటి పోయినా మిగతా మూడూ మోస్తాయి." ఆ మూడూ ఒకే రోజు ఒకే షాపులో కొన్న ఒకే వయసు టైర్లైతే, అదనపు బరువు పడగానే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇంత చెప్పాక దీనికి ఎదురు మెసేజీ కూడా ఒకటుందని చెప్పకపోతే తప్పు. "టైరుమీద ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, ఐదేళ్లు దాటితే అది బాంబు" అని. అదీ అతిగా చెప్పిందే. టైరుమీద ఉండేది పుట్టిన తేదీ మాత్రమే. మన దేశంలో నిబంధన అడిగేది బటన్ లోతును, కార్లకు, లారీలకు 1.6 మిల్లీమీటర్లు. పెద్ద టైరు కంపెనీలు సాధారణంగా ఇచ్చే సలహా, ఐదేళ్లు దాటాక ఏటా తెలిసినవాళ్లతో చూపించుకోండి, పదేళ్లు నిండితే చూడ్డానికి బాగున్నా మార్చండి అని. మా ఎండలకు నేను ఎనిమిదికే మార్చేస్తాను, అది నా లెక్క. నాలుగేళ్ల టైరైనా పక్కన బుడిపె లేచినా, బీటలో గోరు దిగినా, దారం కనబడినా ఆ రోజే దింపేస్తాను.

ఈ మాటలే బావకు వాయిస్‌లో చెప్పాను. నిన్న రాత్రి నాలుగు ఫొటోలు పంపాడు. మూడింటిమీద 2019 నంబర్లు, ఫరవాలేదు. నాలుగోదాని మీద డీఓటీ అని ఉంది కానీ చివర తేదీ లేదు. "దీనికి వయసు వేయలేదు బామ్మర్దీ, మంచిదే కదా" అన్నాడు. తేదీ ఉన్న వైపు లోపలికి ఉంటుంది, కిందకు దూరి చూడు బావా అన్నాను. దూరాడో లేదో, ఫొటో ఇంకా రాలేదు.