పిండి లేని గాలిమర

(నెదర్లాండ్స్‌లోని కిండర్‌డైక్. రాటర్‌డ్యామ్ నుంచి వాటర్‌బస్సులో వచ్చిన వెంకట్రావు, సావిత్రి. ఎదురుగా 1738లో కట్టిన ఇటుక గాలిమర.)

వెంకట్రావు: ఇన్ని మరలున్నాయి, పిండి కొట్టు ఒక్కటీ లేదేంటే?

సావిత్రి: ఇవి నీళ్లు ఎత్తిపోసే మరలండీ. ఇక్కడి నేల నదికంటే పల్లం. వాన నీరు దానంతటది పోదు.

వెంకట్రావు: ఎంత ఎత్తాలేంటి?

సావిత్రి: మీటరున్నర లోపే.

వెంకట్రావు: ఓస్! దానికి 19 మరలా?

సావిత్రి: పొలాలన్నిటి నీళ్లూ ఇక్కడికే వస్తాయి మరి. ఆ రోజుల్లో మర తిప్పే తెడ్ల చక్రం వాటిని తోసుకుంటూ ఎత్తి, పై కాలువలో నిలవ చేసేది. నదికి ఆటు వచ్చి మట్టం తగ్గినప్పుడు తూములెత్తి వదిలేవారు.

వెంకట్రావు: మధ్యలో గాలి ఆగితే? ఎత్తినదంతా వెనక్కే!

సావిత్రి: చక్రం ముందు తలుపుంది. నీటి తోపుకి తెరుచుకుంటుంది, తోపు ఆగితే అవతలి నీటి బరువే మూసేస్తుంది. మధ్యలో కట్టెముక్క ఇరుక్కుందా, అంతే సంగతులు... అయ్యో, ఆ తాడు దాటకండి! రెక్క కొన నేలకి అడుగో అడుగున్నరో ఎత్తులోనే తిరుగుతుంది.

వెంకట్రావు: దాటలేదులే. ఆ రెక్కలకి గుడ్డలెందుకు?

సావిత్రి: గాలి తక్కువైతే పూర్తిగా పరుస్తారు, పెరిగితే చుట్టేస్తారు. బ్రేకు వేసి, ఒక్కో రెక్కనీ కిందికి తెచ్చి, నిచ్చెనలా ఎక్కి మరీ కడతారు.

వెంకట్రావు: గాలి దిక్కు మారితే?

సావిత్రి: వెనక ఆ పొడుగు దూలం, దాని చివర చక్రం చూశారా? గొలుసుని నేలలో పాతిన గుంజకి తగిలించి, చక్రం తిప్పితే మర నెత్తిన టోపీలా ఉన్న కప్పుతో సహా రెక్కలు గాలికి ఎదురు తిరుగుతాయి. గాలి వెనక నుంచి కొడితే టోపీ ఎగిరిపోయే ప్రమాదం.

వెంకట్రావు: తుఫానొస్తే బ్రేకు లాగితే సరి!

సావిత్రి: అదే కొంప ముంచేది. బ్రేకంటే పెద్ద పళ్ల చక్రం చుట్టూ బిగుసుకునే చెక్క దిమ్మెలు. వేగం మీద వేస్తే రాపిడికి నిప్పంటుకుంటుంది. గాలి ముదరకముందే ఆపాలి.

(లోపల, పై అంతస్తు చూశాక.)

సావిత్రి: ఈ మెట్లు నిట్టనిలువు. మొహం మెట్లవైపు పెట్టి, తాడు పట్టుకుని దిగండి.

వెంకట్రావు: వెనక్కి దిగితే ఎటు పోతున్నానో ఎలా తెలుస్తుందే?

సావిత్రి: పెళ్లయిన దగ్గర్నుంచీ నేనేగా చెబుతున్నాను. కాలు కొంచెం ఎడమకి!