సవరణ: మూలకణాలు మిగులుతాయంటే కీమో దండగ అని కాదు

క్యాన్సర్ మూలకణాలు, అంటే క్యాన్సర్‌ని మళ్లీ పుట్టించగల కణాలు, కీమోని (క్యాన్సర్‌కి మందులతో చేసే చికిత్సని) తట్టుకుని మిగిలిపోగలవని పోయిన వారం రాశాను. అది చదివి నరసన్నపేట నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "ఎలాగూ మిగిలేదానికి అమ్మని బస్సుల్లో వైజాగ్ తిప్పడం దేనికండీ? మూడో సైకిల్ మానేద్దామనుకుంటున్నాం" అన్నారు. సైకిల్ అంటే ఒక విడత కీమో. దయచేసి మానేయకండి. ఈ వివరణ అందుకే.

కీమో మందులు చాలావరకు చురుగ్గా విభజన చెందే కణాలనే గట్టిగా దెబ్బతీస్తాయి. మూలకణాల్లో కొన్ని విభజన ఆపేసి నిద్రలో ఉన్నట్టు ఉండిపోతాయి. కొన్నిటి పొరమీద మందుని బయటికి తోడిపోసే ప్రోటీన్లు ఎక్కువ. దెబ్బతిన్న డీఎన్ఏని బాగుచేసుకునే శక్తీ ఎక్కువే. ఇదంతా నిజం. అయితే ప్రతి రోగిలో, ప్రతి క్యాన్సర్‌లో ఇలాగే జరుగుతుందని కాదు. పిల్లలకొచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ప్రధానంగా కీమోతోనే ఎక్కువమందికి నయమవుతోంది. వృషణాల క్యాన్సర్ ఒళ్లంతా పాకాక కూడా కీమోతో కోలుకునేవాళ్లు చాలామంది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే ఇంకో రక్త క్యాన్సర్‌లో ఇమాటినిబ్ మాత్ర మూలకణాలను పూర్తిగా తుడిచిపెట్టలేదు, అయినా దాన్ని వాడుతూ ఏళ్ల తరబడి పనులు చేసుకుంటున్నారు.

ఇంకొకటి. 1994లో టొరంటోలో శాస్త్రవేత్త జాన్ డిక్ బృందం ఈ క్యాన్సర్ మూలకణాలను చూపించింది ఒక రకం రక్త క్యాన్సర్‌లో. గడ్డలన్నిటికీ అదే లెక్క కుదరదు. కొన్నిట్లో మామూలు క్యాన్సర్ కణాలే మూలకణాల్లా మారగలవు. ఆస్పత్రుల్లో చేసే మూలకణ మార్పిడికి వాడేవి వేరు, అవి రక్తాన్ని పుట్టించే మంచి కణాలు.

సైకిల్ వాయిదా వెయ్యాలా, మందు మార్చాలా అన్నది రక్తపరీక్ష, స్కాన్ చూసి మీ డాక్టరుగారే చెప్పాలి.